ఇల్లు ఖాళీ చేస్తున్నారా? కరెంటు, గ్యాస్ లెక్క ఇలా తేల్చుకోండి

కర్నూలు వెంకటరమణ కాలనీలో మేడమీద పోర్షన్‌లో మేం పద్నాలుగు నెలలున్నాం. ఖాళీ చేసే ముందు రోజు సామాన్లన్నీ అట్టపెట్టెల్లోకి ఎక్కించి, ఫ్రిజ్ ఆపి, ఆఖరికి మెయిన్ కూడా దించేసి, మీటరు ఫోటో తీద్దామని కిందికి వచ్చాను. చూస్తే మీటరు మీద ఎర్ర లైటు సుమారుగా సెకనుకోసారి మిణుకుమంటోంది. ఇంట్లో ఒక్క బల్బు కూడా వెలగడం లేదు, రీడింగ్ మాత్రం నడుస్తోంది. కాస్త చెవి పెట్టి వింటే ఇంటి వెనక బోరు మోటారు చప్పుడు. మూడు పోర్షన్లకు నీళ్లెక్కించే మోటారు వైరు మా మెయిన్‌కు ముందే మా మీటరుకు తగిలించి ఉంది. పద్నాలుగు నెలలూ ఊరందరి నీళ్లకు మేమే బిల్లు కట్టామన్నమాట.

ఇంటాయనకు కూడా ఆ సంగతి తెలియదు. ఎప్పుడో ఎలక్ట్రీషియన్ దగ్గరగా ఉందని అలా కలిపేసిపోయాడు. దాని లెక్క ఎలా తేలిందో కింద చెప్తాను. ఆ రోజు నుంచి ఇల్లు మారే చుట్టాలకూ స్నేహితులకూ నేను చెప్పే మాట ఒక్కటే. తేదీని బట్టి, అంచనాను బట్టి లెక్క కట్టొద్దు, మీటరు అంకెను బట్టి కట్టండి. కరెంటు బాకీ సర్వీస్ నంబరుతోనే ఉంటుంది. మీరు ఎగ్గొట్టి వెళ్తే ఫ్యూజ్ పీకేది ఇంటి ఓనరుకో, కొత్తగా దిగిన వాళ్లకో. మీకు ముందున్న వాళ్లు ఎగ్గొడితే మీకు. అందుకే ఇద్దరూ మీటరు ముందు నిలబడి తేల్చుకోవాల్సిన పని ఇది.

నెల ముందే: రీడింగ్ తేదీ పట్టుకోండి

మన కర్నూలు, అనంతపురం, కడప మూడూ తిరుపతి కేంద్రంగా ఉన్న ఎస్పీడీసీఎల్ అనే కరెంటు పంపిణీ సంస్థ (డిస్కం) కిందికి వస్తాయి. కడప ముందు నుంచీ అందులోనే ఉంది, మిగతా రెండూ 2014లో రాష్ట్ర విభజన సమయంలో చేరాయి. రీడింగ్ తీసే అబ్బాయి సాధారణంగా ప్రతి నెలా మొదటి వారంలో, దాదాపు అదే తేదీకి వస్తాడు. మీ పాత బిల్లులు మూడు ముందేసుకుని చూస్తే ఏ తేదీకి వస్తున్నాడో తెలిసిపోతుంది.

ఆ తేదీ తర్వాత ఒకటి రెండు రోజుల్లో ఖాళీ చేయగలిగితే సగం తలనొప్పి అక్కడే పోతుంది. అప్పుడే వచ్చిన బిల్లు మీది, ఆ తర్వాతది మీది కాదు. ముహూర్తం చూసుకుని ఇల్లు మారే వాళ్లం మనం, పంతులు చెప్పిన రోజును కాదనలేం. కానీ ఆయన రెండు మూడు తేదీలు ఇస్తే, రీడింగ్‌కు దగ్గరగా ఉన్నదాన్ని ఎంచుకోవడంలో తప్పేం లేదు.

ఇంకో జాగ్రత్త. మీటరు గ్రిల్లు లోపల ఉండి, మీరు ఊళ్లో లేని రోజు రీడింగ్ అబ్బాయి వస్తే డోర్ లాక్ అని రాసుకుని సగటు బిల్లు కొట్టి పోతాడు. తర్వాతి నెల అసలు రీడింగ్ తీసినప్పుడు తేడా అంతా ఒక్కసారే మీద పడుతుంది. ఖాళీ చేసే ముందు చివరి రెండు బిల్లుల్లో డోర్ లాక్ లేకుండా చూసుకోండి.

పాత బిల్లులు, బాకీ, ఏసీడీ

మీ సర్వీస్ నంబరు బిల్లు మీదే ఉంటుంది. డిస్కం సైట్‌లోనో యాప్‌లోనో అది కొడితే బాకీ ఎంతుందో కనిపిస్తుంది. కట్టిన రసీదుల స్క్రీన్‌షాట్లు ఏడాదివి ఒక ఫోల్డర్‌లో వేసుకోండి.

ఆ బిల్లుల్లో ఎక్కడైనా ఏసీడీ అనే వరుస ఉందేమో వెతకండి. వాడకం పెరిగినప్పుడు డిస్కం అడిగే అదనపు డిపాజిట్ అది. చాలామంది అద్దెవాళ్లు ఇది కూడా కరెంటు చార్జీయే అనుకుని కట్టేస్తారు. కాదు, అది సర్వీసు ఎవరి పేరు మీద ఉంటే వాళ్ల ఖాతాలో జమయ్యే డబ్బు. దాని మీద ఏటా వడ్డీ కూడా బిల్లులోనే సర్దుతారు. సర్వీసు రద్దు చేసుకున్న రోజు తిరిగొచ్చేది ఓనరుకే. కాబట్టి మీరు కట్టి ఉంటే అది ఓనరు మీకివ్వాల్సిన డబ్బు. వచ్చిన నెలలోనే అద్దెలో తగ్గించుకోవడం మంచిది, అప్పుడు మర్చిపోతే ఖాళీ చేసేటప్పుడు అడగండి. మొహమాటం అక్కర్లేదు.

ఏసీ పెట్టుకున్నందుకు లోడు పెంచమని డిస్కం డబ్బు కట్టించుకుంటే ఆ లెక్క వేరు. ఏసీ మీతో వస్తుంది, పెంచిన లోడు ఇంటికి మిగిలిపోతుంది. నన్నడిగితే చెరిసగం.

మోటారు, మెట్ల లైటు, చెక్ మీటరు

ఖాళీ చేసే రోజు వరకూ ఆగకుండా, వారం ముందే నేను చేసిన పరీక్ష మీరూ చేయండి. మీ పోర్షన్ మెయిన్ దించి మీటరు ముందు రెండు నిమిషాలు నిలబడండి. ఎర్ర లైటు ఆగిపోతే మంచిది. మిణుకుతూనే ఉంటే మీది కాని వాడకం ఏదో మీ మీటరు మీద ఉంది. ఎంత ఉందో కూడా అక్కడే తెలుసుకోవచ్చు. మీటరు మీద ఒక యూనిట్‌కు లైటు ఎన్నిసార్లు వెలుగుతుందో రాసి ఉంటుంది. మాదాని మీద 3200 అని ఉంది. ఒక కిలోవాట్ వాడకం ఉంటే గంటకు 3200 సార్లు, అంటే దాదాపు సెకనుకొకటి. 1 హెచ్‌పీ మోటారు లాగేది సుమారు అంతే.

ఇక మా లెక్క. మోటారు రోజుకు గంట, అంటే ఒక యూనిట్ చొప్పున నెలకు 30. మూడు కుటుంబాలు కాబట్టి మా వాటా 10, మేం ఊరికే మోసినవి 20. రేటు దగ్గర మాటా మాటా వచ్చింది. వాడకం పెరిగేకొద్దీ రేటు మెట్లు మెట్లుగా పెరుగుతుంది, ఆ మెట్లే శ్లాబులు; ఆ మోటారు వల్లే మా బిల్లు పై శ్లాబులోకి పోయింది కాబట్టి 6 రూపాయల చొప్పున నెలకు 120, మొత్తం 1,680 అన్నాను నేను. "ఆరెందుకప్పా, మీ బిల్లు మొత్తాన్ని యూనిట్లతో భాగిస్తే నాలుగే కదా" అన్నాడు ఇంటాయన. అలా లెక్కేస్తే 1,120. ఆయన మాటలోనూ న్యాయం ఉంది. చివరికి 1,400 దగ్గర ఆగాం. మొదటి నెలలోనే ఈ పరీక్ష చేసి ఉంటే ఈ బేరమే ఉండేది కాదు.

కొన్ని ఇళ్లలో మెయిన్ మీటరు ఒక్కటే ఉంటుంది, ఒక్కో పోర్షన్‌కు ఓనరు పెట్టించిన చెక్ మీటరు. యూనిట్‌కు ఇంత అని ఓనరు చెప్పిన రేటు. ఎనిమిది అంటారు, పది అంటారు. అది దోపిడీనా కాదా తెలియాలంటే శ్లాబులు చూడాలి. గృహ వినియోగానికి 2022 ఏప్రిల్ నుంచి అమలైన రేట్లు ఇవి: మొదటి 30 యూనిట్లకు 1.90 రూపాయలు, 75 వరకు 3, 125 వరకు 4.50, 225 వరకు 6, 400 వరకు 8.75, ఆపైన 9.75. ఈ రేట్లను నిర్ణయించే ఏపీఈఆర్సీ ఆఫీసు ఇప్పుడు మన కర్నూలులోనే, దిన్నెదేవరపాడు రోడ్డులో ఉంది. ఏటా కొత్త టారిఫ్ ప్రకటిస్తారు కాబట్టి మీ బిల్లులోని రేటుతో ఒకసారి పోల్చుకోండి.

మూడు కుటుంబాలు తలా 200 యూనిట్లు వాడాయనుకుందాం. ఎవరి మీటరు వాళ్లకుంటే తలా 867 రూపాయలు, మొత్తం 2,601. అదే 600 యూనిట్లూ ఒకే మీటరులో పడితే 4,498 రూపాయలు. యూనిట్‌కు సగటున 7.50. అలాంటి ఇంట్లో ఓనరు ఎనిమిది అడిగితే ఆయన జేబులోకి పోయేది పెద్దగా ఏమీ లేదు. పది అడిగితే మెయిన్ మీటరు బిల్లు చూపించమనండి. అన్నట్టు, ఆ అదనపు 1,900 ఎవరికీ ఉపయోగపడని డబ్బు. కొత్త ఇల్లు చూసేటప్పుడు నీళ్లొస్తాయా అని అడిగినట్టే సొంత మీటరు ఉందా అని కూడా అడగండి.

ఖాళీ చేసే రోజు మీటరు దగ్గర

సామాన్ల ఆటో కదిలాక, తాళాలు ఇచ్చే ముందు. ఈ రెండింటి మధ్యే పది నిమిషాలు కేటాయించండి. ఓనరు కానీ, ఆయన తరఫున ఎవరైనా కానీ పక్కనుండాలి.

డిజిటల్ మీటరులో అంకెలు ఒకదాని తర్వాత ఒకటి మారుతుంటాయి. తేదీ, సమయం, వోల్టేజీ, గరిష్ఠ లోడు ఇలా. మీకు కావాల్సింది కేడబ్ల్యూహెచ్ అనే అక్షరాల పక్కన వచ్చే అంకె. మా తమ్ముడు తొందరలో వోల్టేజీ ఫోటో తీసుకుని వచ్చాడు, 231 అని. అందుకని ఫోటోతో పాటు ఒక నిమిషం వీడియో తీయండి, అన్ని అంకెలూ తిరిగి మళ్లీ మొదటికి వచ్చేదాకా. మీటరు నంబరు కూడా కనిపించాలి. పక్క పోర్షన్ మీటరు ఫోటో తీసి, తర్వాత గొడవ పడ్డవాళ్లను నేను చూశాను.

"చూసేదేముందిలేప్పా, బిల్లొచ్చినాక చూసుకుందాం" అంటారు కొందరు. మంచి మనసుతోనే అంటారు. అయినా అక్కడే నిలబడి వాట్సాప్‌లో ఒక మెసేజ్ పెట్టేయండి. నేను పెట్టింది ఇలా ఉంది:

"అన్నా, ఈ రోజు మే 17 సాయంత్రం 5.10కి మన మేడమీద మీటరు రీడింగ్ 18552. మే 4 బిల్లులో 18420. మా వాడకం 132 యూనిట్లు. ఫోటో, వీడియో పెట్టాను. చూసి సరే అని రాయండన్నా."

"సరే" అన్న ఆ ఒక్క మాట మూడు నెలల తర్వాత ఎంత పనికొస్తుందో చెప్పలేను.

నెల మధ్యలో అయితే ఎవరిది ఎంత?

మే 17న మేం వెళ్లాం. మూడు రోజులు సున్నాలు, కడగడాలు. మే 20న కొత్తవాళ్లు దిగారు. జూన్ 4న రీడింగ్ తీస్తే 18682. నెల మొత్తం 262 యూనిట్లు. అందులో మావి 132, మధ్యలో ఓనరు పనులకు 6, కొత్తవాళ్లవి 124. ఎనర్జీ చార్జీ, అంటే వాడిన యూనిట్లకు శ్లాబుల లెక్కన పడేది, 1,340 రూపాయల 75 పైసలు.

ఇక్కడే చాలామంది తప్పటడుగు వేస్తారు. మా 132 యూనిట్లను విడిగా శ్లాబుల్లో వేస్తే 459 రూపాయలే. "మా వాటా ఇంతే" అని ఇచ్చేసి వెళ్లిపోతే మిగతా 880 చిల్లర కొత్తవాళ్ల నెత్తిన. మాకంటే తక్కువ వాడి దాదాపు రెట్టింపు కడతారు. ఎందుకంటే చవక శ్లాబులన్నీ మేమే వాడేసుకుని, ఖరీదైనవి వాళ్లకు వదిలేశాం. శ్లాబు నెలకు ఒక్కసారే, కుటుంబానికొకటి కాదు.

న్యాయమైన పద్ధతి సులువైనదే. మొత్తం బిల్లును మొత్తం యూనిట్లతో భాగించి, ఎవరి యూనిట్లతో వాళ్లు హెచ్చించుకోవాలి. 1,340.75ను 262తో భాగిస్తే యూనిట్‌కు సుమారు 5.12. మాకు 675, కొత్తవాళ్లకు 635, ఓనరుకు 31. కిలోవాట్‌కు నెలకు 10 రూపాయల ఫిక్స్‌డ్ చార్జీని రోజుల లెక్కన పంచుకోండి, యూనిట్‌కు 6 పైసల విద్యుత్ సుంకాన్ని యూనిట్ల లెక్కన. అవి ఇరవై ముప్పై రూపాయల సంగతి, వాటి కోసం పేచీ వద్దు.

చిక్కేమిటంటే ఖాళీ చేసే రోజుకు ఆ బిల్లు రాదు. అప్పుడు రెండు దారులు. ఒకటి, ఓనరు అడ్వాన్సులోంచి వెయ్యి రూపాయలు అట్టిపెట్టుకుని బిల్లొచ్చాక మిగిలింది ఫోన్‌పే చేయడం. రెండు, అక్కడికక్కడే అంచనా. 13 రోజులకు 132 యూనిట్లంటే 31 రోజులకు 315 అవుతుంది. 315 యూనిట్ల ఎనర్జీ చార్జీ 1,804, సగటు 5.73. ఆ లెక్కన 756 ఇచ్చేసి చేతులు దులుపుకోవచ్చు. అసలు లెక్క కంటే 81 రూపాయలు ఎక్కువే. నేను రెండో దారే తీసుకున్నాను. బిల్లెప్పుడొస్తుందా, ఫోనెప్పుడొస్తుందా అనే టెన్షన్ కంటే ఆ 81 రూపాయలు చవక. ఓనరు సరిగా ఫోన్ ఎత్తని మనిషైతే మరీ మంచిది. కానీ అడ్వాన్సులోంచి "కరెంటుకు రెండు వేలు" అని గుండుగుత్తగా కోస్తే మాత్రం ఒప్పుకోకండి, పై లెక్క కాగితం మీద వేసి చూపించండి.

తర్వాత వచ్చే సర్దుబాటు చార్జీలు

మన రాష్ట్రంలో అద్దెవాళ్లకూ ఓనర్లకూ ఎక్కువ తగాదా వచ్చేది దీని దగ్గరే. ఇంధన సర్దుబాటు, ట్రూఅప్ పేర్లతో వచ్చే వరుసల్లో కొన్ని ఈ నెల వాడకం మీద కావు. గడిచిన కాలంలో ఆ సర్వీసు మీద వాడిన యూనిట్లకు ఇప్పుడు వసూలు చేసేవి. అంటే మీకు ముందున్నవాళ్లు ఏసీ వేసుకుని పడుకున్న రాత్రులకు మీరు కడుతున్నారు. మీరు వెళ్లాక మీ రాత్రులకు ఇంకెవరో కడతారు.

వాడినవాళ్లే కట్టాలన్నది ధర్మం. కానీ ఏడాది రెండేళ్ల తర్వాత పాత అద్దెవాళ్లను వెతికి వసూలు చేసుకోవడం జరిగే పని కాదు. ఆచరణలో రెండే పద్ధతులు నిలుస్తాయి. పాతవి ఓనరే భరించి అద్దెలో చూసుకోవడం ఒకటి. లేదంటే గొలుసు పద్ధతి, దిగేటప్పుడు పాతవాళ్లవి మోసి, పోయేటప్పుడు మనవి వదిలి పోవడం. ఏదైనా ఒకటే పద్ధతి ఉండాలి. దిగేటప్పుడు మీ చేత పాతవి కట్టించి, పోయేటప్పుడు "రాబోయే ట్రూఅప్‌కు" అని అడ్వాన్సులో కోస్తే అది రెండు వైపులా కోత. అప్పుడు బిల్లుల ఫోల్డర్ తీసి, పాత కాలానికి మీరు కట్టిన వరుసలు చూపించండి. కొత్త ఇంటి అగ్రిమెంటులో ఈ సంగతి ఒక వాక్యంగా రాయించుకుంటే మళ్లీ ఈ మాటే రాదు.

మీటరే తప్పు తిరుగుతోందని అనుమానముంటే అది ఓనరుతో తేలేది కాదు. కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కు ఫోన్ చేయండి, లేదా మీ సెక్షన్ ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) ఆఫీసులో మీటరు టెస్టింగ్‌కు అర్జీ పెట్టించండి. సర్వీసు ఓనరు పేరున ఉంటుంది కాబట్టి ఆయన సంతకంతో వెళ్తే పని త్వరగా అవుతుంది. అక్కడ తేలకపోతే వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదిక ఉంది, దాని పైన విద్యుత్ అంబుడ్స్‌మన్.

గ్యాస్

కనెక్షన్ మీ పేరున ఉంటే బండ మీతో రావాలి. ఊళ్లోనే మారితే డీలరు దగ్గర చిరునామా మార్పించుకోండి. వేరే ఊరైతే బండ, రెగ్యులేటరు అప్పగించి, డిపాజిట్ వెనక్కి తీసుకుని ట్రాన్స్‌ఫర్ వోచర్ తీసుకోండి. కొత్తవాళ్లకు "ఉంచుకోండక్కా" అని కనెక్షన్ వదిలేయకండి. ఏదైనా జరిగితే కాగితాల మీద ఉండేది మీ పేరే.

ఓనరు బండే వాడుతుంటే సగం మిగిలిన గ్యాస్ ఎవరిదన్న ప్రశ్న వస్తుంది. దీనికి తూకం ఉంది. బండ మెడ దగ్గర ఖాళీ బరువు రాసి ఉంటుంది, 15.6 అనుకుందాం. కాటా మీద పెడితే 22.7 వచ్చింది. తేడా 7.1 కిలోలు. నిండు బండలో 14.2 కిలోలుంటుంది కాబట్టి సరిగ్గా సగం. చివరి రీఫిల్ ధరలో సగం మీకు రావాలి. బండను ఊపి "ఇంకా ఉందిలే" అని చెప్పే లెక్కలు నమ్మొద్దు.

ఆధార్ లింకు, ఆటోపే

ఇది చాలామంది మర్చిపోతారు. తల్లికి వందనం లాంటి పథకాలకు ఇంటి కరెంటు వాడకం నెలకు సగటున 300 యూనిట్లు దాటకూడదన్న నిబంధన ఉంది. మీరున్న ఇంటి సర్వీసు మీ ఆధార్‌కు లింకై ఉంటే, మీరు వెళ్లాక కొత్తవాళ్లు వేసే రెండు ఏసీలు మీ ఖాతాలోకే వస్తాయి. పిల్లల డబ్బు ఆగినప్పుడు గానీ ఆ సంగతి బయటపడదు. ఓనర్లకూ ఇదే బాధ, మూడు పోర్షన్ల మీటర్లూ ఒక్క ఆధార్‌కే ఉంటే మూడూ కలిపి లెక్కేస్తారు. వార్డు సచివాలయంలో అడిగి మీ పేరుకు ఏ సర్వీసు లింకైందో చూసుకోండి. పాతది ఉంటే కరెంటు ఆఫీసులో అర్జీ ఇచ్చి తీయించండి.

ఫోన్‌లో ఆటోపే పెట్టుకుని ఉంటే తాళాలిచ్చిన సాయంత్రమే ఆపేయండి. అనంతపురంలో మా స్నేహితుడొకడు ఇల్లు మారాక రెండు నెలలు పాత ఇంటి బిల్లు కట్టాడు. కొత్తవాళ్లేమో ఓనరు మంచివాడు, కరెంటు ఫ్రీ అనుకున్నారట.

సర్వీస్ నంబరు మాత్రం ఇంకో నెల ఉంచుకోండి. తర్వాతి బిల్లొచ్చాక ఒకసారి చూసి, మీ రీడింగ్‌తో సరిపోయిందనుకుంటే అప్పుడు తీసేయండి. మా జూన్ బిల్లు చూశాక ఇంటాయనే ఫోన్ చేశాడు. "మీకు 81 రూపాయలు బాకీ ఉన్నాన్నేను, ఈసారొచ్చినప్పుడు టీ తాగి పో" అని.